7 కిలోల ప్రయాణానికి క్యాబిన్ బ్యాక్‌ప్యాక్ ఎలా ఎంచుకోవాలి?

బ్యాగుల షాపులో ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని లీటర్లు?" అని, ఆ తర్వాత "ఎన్ని జిప్పులున్నాయి?" అని. భుజానికి తగిలించుకుని అద్దంలో ఓసారి అటూ ఇటూ తిరిగి చూసుకుంటారు, బిల్లు కట్టేస్తారు. అప్పుడు ఆ బ్యాగులో ఉన్నవి నలిపి కుక్కిన కాగితాలు. కాగితాలతో ఏ బ్యాగైనా తేలిగ్గానే ఉంటుంది. శంషాబాద్‌లో క్యూలో ముప్పావుగంట నిలబడ్డాకో, సికింద్రాబాద్ స్టేషన్‌లో వంతెన ఎక్కి ఆ చివరి ప్లాట్‌ఫాంలో దిగాకో అసలు సంగతి బయటపడుతుంది. అప్పటికి బ్యాగు వాపసు తీసుకునే గడువు అయిపోయి ఉంటుంది.

ఇక్కడ చెప్పేది మూడు రోజుల నుంచి వారం దాకా ప్రయాణాల గురించి. లగేజీ బెల్టు దగ్గర నిలబడకుండా, విమానంలో చేతి సామానుకు ఒప్పుకునే 7 కిలోల్లోనే సర్దుకుని, ఒక్క బ్యాగుతో విమానం దిగి నేరుగా బయటికి వెళ్లిపోవాలనుకునేవాళ్ల కోసం. ట్రెక్కింగ్ బ్యాగుల లెక్క వేరు, వాటి జోలికి పోవడం లేదు.

1. ముందు సామాను తూచండి

బ్యాగు కొన్నాక సామాను సర్దడం కాదు, సామాను తేల్చుకున్నాక బ్యాగు కొనాలి. తీసుకెళ్లాల్సినవన్నీ మంచం మీద పరిచి, ఓ పాత గుడ్డసంచిలో వేసి తూకం చూడండి. కొక్కేనికి తగిలించి తూచే చిన్న డిజిటల్ తూకం ఒకటి ఇంట్లో ఉండటం మంచిది. లేకపోతే బరువు చూసుకునే మిషన్ మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి ఎక్కితే సరిపోతుంది.

బరువు ఎక్కడ దాక్కుంటుందో అప్పుడు తెలుస్తుంది. జీన్స్ ఒక్కటే ఇంచుమించు 600 నుంచి 700 గ్రాములు. మందపాటి టర్కీ టవల్ అరకిలో, అదే నూలు తుండుగుడ్డ దాంట్లో మూడో వంతు కూడా ఉండదు, పైగా రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోతుంది. లాప్‌టాప్, దాని ఛార్జర్ కలిపి చాలావరకు 2 కిలోలు. వారానికైనా మూడు జతలు చాలు, నాలుగో జత పెట్టకండి. పచ్చళ్లు ఈ బ్యాగులో వద్దు. నూనె తేలే ఆవకాయ సీసాను సెక్యూరిటీ దగ్గర ఆపితే అక్కడే వదిలేసి రావాల్సి వస్తుంది.

ఆ 7 కిలోల్లో బ్యాగు బరువు కూడా కలుస్తుంది కాబట్టి, సామాను మొత్తం 5.5 కిలోలు దాటితే బ్యాగు గురించి ఆలోచించడం ఆపి సామాను తగ్గించండి.

2. కొలతలు

ఇండిగోలో చేతి సామాను పరిమితి 55 × 35 × 25 సెంటీమీటర్లు, 7 కిలోలు. ఎయిర్ ఇండియా ఎకానమీలో 55 × 40 × 20, బరువు అదే 7 కిలోలు. ఎయిర్ ఏషియా 56 × 36 × 23 అంటుంది, అక్కడ బ్యాగూ చేతిసంచీ రెండూ కలిపి 7 కిలోలు. అమెరికా డొమెస్టిక్ విమానాల్లో 22 × 14 × 9 అంగుళాలు, అంటే ఇంచుమించు ఎయిర్ ఏషియా కొలతే. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడు ఒకసారి చూసుకోవడం తప్పదు.

వీటన్నిటిలోకి ఇమిడే బ్యాగు కావాలంటే ప్రతి వైపూ చిన్న కొలతే పట్టుకోవాలి. అంటే 55 × 35 × 20. గుణిస్తే 38.5 లీటర్లు. బ్యాగుకు మూలలు గుండ్రంగా ఉంటాయి, లోపల ఫోమ్ ఉంటుంది, కాబట్టి అసలు చోటు అంతకన్నా తక్కువే. అందుకే కొనాల్సింది 30 నుంచి 35 లీటర్ల బ్యాగు. 40 అని రాసి ఉంటే చేత్తో పట్టుకోకండి. 40 లీటర్లు నిండా సర్దితే 7 కిలోల్లో ఎలాగూ ఉండదు, ఖాళీ కనిపిస్తే దాన్ని నింపకుండా ఉండటం మన వల్ల కాదు.

ఇంకో సంగతి. చీటీ మీద రాసిన మందం ఖాళీ బ్యాగుది. ముందు జేబులో ఛార్జర్లు, గొడుగు పెట్టగానే 20 సెంటీమీటర్లు కాస్తా 26 అవుతుంది. బయటి జేబులు ఉబ్బే బ్యాగు వద్దు. పక్కల బిగించే పట్టీలు ఉన్నది తీసుకోండి.

రాజమండ్రి, కడప, తిరుపతి రూట్లలో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు తిరుగుతాయి. వాటిలో తలపై అరలు చిన్నవి. గట్టి ట్రాలీ సూట్‌కేసులకు చాలాసార్లు మెట్ల దగ్గరే ట్యాగ్ కట్టి కిందికి పంపేస్తారు. మెత్తటి బ్యాక్‌ప్యాక్ అయితే కాస్త నొక్కి తోసేయొచ్చు, లేదంటే ముందు సీటు కిందికి జరిపేయొచ్చు. ట్రాలీయే సుఖం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చక్రాలు, హ్యాండిల్ గొట్టాలు కలిసి ఖాళీ ట్రాలీయే 2.5 కిలోలు తూగుతుంది. ఉన్న ఏడులో మూడో వంతు అక్కడే పోయింది. ఇక స్టేషన్ మెట్లు, గతుకుల ఫుట్‌పాత్, కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు, ఈ మూడు చోట్లా చక్రాలు ఒక్క అడుగు కూడా ఉపయోగపడవు.

3. ఖాళీ బ్యాగు బరువు

1.2 కిలోలు దాటకూడదు. అంతే. చీటీ మీద బరువు రాయని బ్యాగులు చాలా ఉంటాయి, అందుకే ఆ కొక్కెం తూకం జేబులో పెట్టుకుని షాపుకు వెళ్లండి. ఎవరూ ఏమీ అనుకోరు.

4. వీపుకు సరిపోతుందా?

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే. మిగతావన్నీ సగం సగం చేసినా ఈ ఒక్కటీ ఓపిగ్గా చేయండి.

బ్యాగుకు కావాల్సింది మీ ఎత్తు కాదు, మీ మొండెం పొడవు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, ఇంకొకరికి వీపు పొడవు ఉండొచ్చు. కొలవడానికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. తల ముందుకు వంచితే మెడ కింద వెనకవైపు ఒక ఎముక పొడుచుకొస్తుంది. అది పై గుర్తు. ఇప్పుడు రెండు చేతులూ నడుం మీద, తుంటి ఎముకల పైఅంచున ఆనేలా పెట్టుకోండి, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. ఆ రెండు వేళ్లనూ కలుపుతూ ఒక గీత ఊహించుకుంటే అది వెన్నెముకను తాకేచోటు కింది గుర్తు. పై గుర్తు నుంచి కింది గుర్తు దాకా, వీపు వంపు వెంటే టైలర్ టేపు ఆనించి కొలవాలి. గాలిలో సూటిగా లాగి కొలిస్తే తప్పు వస్తుంది. తల ఎత్తి మామూలుగా నిలబడ్డాకే టేపు మీద అంకె చూడండి.

వచ్చిన అంకె రాసుకుని షాపుకు వెళ్లండి. అక్కడ బ్యాగు మీద భుజం పట్టీలు వీపుకు కలిసేచోటు నుంచి నడుం పట్టీ మధ్య దాకా కొలిస్తే, రెండు అంకెలకూ మధ్య తేడా రెండు మూడు సెంటీమీటర్లు మించకూడదు. "ఇది ఫ్రీ సైజు సార్, అందరికీ సరిపోతుంది" అని సేల్స్ అబ్బాయి చెప్తాడు. ట్రావెల్ బ్యాగులు ఎక్కువ శాతం ఒకే సైజులో తయారవుతాయన్నది నిజమే. వీపులు మాత్రం ఒకే సైజులో లేవు. భార్యాభర్తలిద్దరికీ పనికొస్తుందని ఒకే బ్యాగు కొనేవాళ్లు ఉంటారు. వీపు పొడవు పైకీ కిందికీ మార్చుకునే సదుపాయం ఉంటే తప్ప అలాంటి బ్యాగు ఇద్దరిలో ఒకరికి నొప్పి, కొన్నిసార్లు ఇద్దరికీ.

టేపు కొలత కుదిరాక బరువుతో పరీక్ష. బ్యాగులోని కాగితాలన్నీ తీసేయమనండి. మీ ఇంటినుంచి ఒక దుప్పటీ, 5 కిలోల బియ్యం ప్యాకెట్ తీసుకెళ్లండి. ప్యాకెట్‌ను ఊరికే లోపల పడేస్తే అడుక్కి జారిపోయి తప్పుడు లెక్క వస్తుంది. దుప్పటి చుట్టి, బియ్యం మీ వీపువైపు, మధ్యలో ఉండేట్టు పెట్టి జిప్పు వేయండి. షాపువాళ్లు వింతగా చూసినా మొహమాటపడకండి, నాలుగైదు వేలు పెట్టేది మీరు.

వేసుకునేటప్పుడు వరస ముఖ్యం. ముందు అన్ని పట్టీలూ పూర్తిగా వదులు చేయండి. బ్యాగు భుజాన వేసుకుని కాస్త ముందుకు వంగి, నడుం పట్టీని తుంటి ఎముకల మీదికి తెచ్చి మొదట దాన్నే బిగించండి. పొట్ట మీద కాదు, ఎముక మీద. తర్వాత భుజం పట్టీలు లాగండి, భుజాన్ని తాకితే చాలు, కోసుకుపోయేంత వద్దు. ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగు తలకు వెళ్లే చిన్న పట్టీలుంటే వాటిని, చివరికి ఛాతీ పట్టీని బిగించాలి. మనవాళ్లు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. భుజం పట్టీలు బర్రున లాగేసి, నడుం పట్టీ వేలాడదీసుకుని, మెడ నొప్పి అంటారు.

ఇప్పుడు పక్కవాళ్లను చూడమనండి. పట్టీ భుజం మీదినుంచి వెనక్కి వంగి దిగే చోట ఖాళీ కనిపిస్తే బ్యాగు మీకు పొడవెక్కువ. నడుం పట్టీ పొట్ట మీదికి ఎక్కితే పొట్టి. తల వెనక్కి వాల్చితే బ్యాగు పైభాగం తగులుతుంటే అది కూడా మీ సైజు కాదు. నడుం పట్టీ బిగించగానే భుజాల మీద బరువు తగ్గినట్టు స్పష్టంగా తెలియాలి. తెలియకపోతే ఆ పట్టీ అలంకారానికి పెట్టింది. రెండు వేళ్ల వెడల్పు సన్నటి పట్టీ బ్యాగు ఊగకుండా పట్టుకుంటుంది కానీ బరువు మోయదు. తుంటి చుట్టూ వంపు తిరిగే మెత్తటి పట్టీ కావాలి, విమానం ఎక్కేటప్పుడు దాన్ని లోపలికి దోపేసే వీలుండాలి. ఏడు కిలోలకు నడుం పట్టీ ఎందుకని అడిగేవాళ్లు, ఏడు కిలోలు భుజాన వేసుకుని ఒక గంట నిలబడి చూడాలి.

ఆడవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. ఛాతీ పట్టీ పైకీ కిందికీ బాగా జరగాలి, మగవాళ్ల కొలతకు కుట్టిన పట్టీలు చాలామందికి చంకల్లో ఒరుసుకుంటాయి. ఇక ప్రయాణంలో ఏ బట్టలు వేసుకుంటారో అవే వేసుకుని షాపుకు వెళ్లండి. చీరలో ప్రయాణం చేసే అలవాటుంటే చీరలోనే వెళ్లి, నడుం పట్టీ కుచ్చిళ్ల మీద ఎక్కడ పడుతుందో చూడండి.

అలాగే వేసుకుని షాపులో పావుగంట తిరగండి. మెట్లుంటే ఎక్కి దిగండి. వంగి చెప్పు సరిచేసుకోండి. స్టూలు మీద కూర్చుని లేవండి. మొదటి రెండు నిమిషాలూ అన్ని బ్యాగులూ బాగానే ఉంటాయి, పదో నిమిషం దాటాక మెడకూ భుజానికీ మధ్య మంట మొదలైతే ఆ బ్యాగు దించేయండి. "వాడగా వాడగా అలవాటవుతుంది" అన్న మాట తోలు చెప్పులకు నిజమేమో కానీ బ్యాగుకు కాదు.

లాప్‌టాప్ అర ఎక్కడుందో కూడా ఇప్పుడే చూడాలి. అది వీపుకు ఆనుకునే ఉండాలి. కొన్ని బ్యాగుల్లో అందంగా ఉంటుందని ముందు మూతలో పెడతారు. అన్నిటికన్నా బరువైన వస్తువు ఒంటికి దూరమయ్యేసరికి బ్యాగు వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి మనం మెడ ముందుకు చాపి నడుస్తాం. ఎంత ఖరీదైన బ్యాగైనా సరే, అర ముందు మూతలో ఉంటే వద్దు.

5. మిగతావి

సూట్‌కేసులా మూడు వైపులా తెరుచుకోవాలి. పైనుంచి మాత్రమే తెరుచుకునేదైతే అడుగున ఉన్న చొక్కా కోసం అన్నీ బయట పెట్టాలి. జిప్పు వైకేకే కంపెనీది అయితే నయం, కాకపోతే నిండా కుక్కి పదిసార్లు లాగి చూడండి. గుడ్డ నైలాన్ అయితే 210 నుంచి 420 డెనియర్ (దారం మందానికి కొలత) చాలు, 1000 డెనియర్ బరువు దండగ. లోపలి లైనింగ్ లేత రంగులో ఉండాలి, నల్ల లైనింగ్‌లో నల్ల ఛార్జర్ కనపడదు. యూఎస్‌బీ రంధ్రం ఉన్నది కొనకండి, వాన నీళ్లకు అదొక దారి. పవర్‌బ్యాంకు చేతి సామానులోనే వెళ్లాలి, 100 వాట్-అవర్ (బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత) లోపు ఉండాలి, 20,000 ఎంఏహెచ్ ది 74 వాట్-అవర్లే కాబట్టి టెన్షన్ లేదు. అది బయటి జేబులో చేతికందేలా ఉంటే మేలు. రెయిన్ కవర్‌ను నమ్ముకోకండి, వీపువైపునుంచి తడుస్తుంది. బట్టలన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి లోపల పెట్టడమే నమ్మకం.

రైల్లో పడుకునేటప్పుడు గొలుసు దూర్చడానికి గట్టి పట్టీ లూపు ఒకటుందా, దాని కుట్టు అడ్డంగా కూడా వేశారా అని వేలితో లాగి చూడండి.

6. కొనడం

ఆన్‌లైన్లో చూసి నచ్చినవి రాసుకోండి, కొనడం మాత్రం వీపుకు వేసుకుని చూడనిచ్చే షాపులో. డెకథ్లాన్ లాంటి చోట ఎవరూ తొందరపెట్టరు. కోఠీ, బేగంబజార్ వైపు బేరం కుదురుతుంది కానీ బియ్యం ప్యాకెట్ పెట్టనిస్తారా అని ముందే అడగండి. ఆన్‌లైన్లోనే కొనక తప్పకపోతే, వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ట్యాగులు తెంపకుండా, వచ్చిన రోజే అసలు సామాను నింపి గంటసేపు వీపున వేసుకుని ఇంట్లో పనులు చేసుకోండి. మర్నాడు పొద్దున భుజం పట్టేసినట్టుంటే ఆ రోజే తిరిగి పంపేయండి.