ఆర్టిక్యులేటర్ అరిగిందో లేదో తేల్చే స్ప్లిట్ కాస్ట్ పరీక్ష

మోడల్ (పళ్ల స్టోన్ నమూనా) మీద చక్కగా కూర్చున్న క్రౌన్ (పంటి తొడుగు) నోట్లో ఎత్తుగా వస్తే మొదట అనుమానించేది ఇంప్రెషన్‌ని (పళ్ల అచ్చు), బైట్ రికార్డుని (పైకింది పళ్లు కలిసే తీరు అచ్చు). అవి బాగానే ఉండి ఇదే గొడవ మళ్లీ మళ్లీ వస్తుంటే ఆర్టిక్యులేటర్‌ని, అంటే పైకింది మోడళ్లను బిగించి దవడ కదలికను అనుకరించే పరికరాన్ని, పట్టి చూడాలి. దాని కీలు నుంచి ఇన్సిసల్ పిన్ (పై భాగాన్ని ముందువైపు ఆపే కడ్డీ) 100 మి.మీ., మొదటి మోలార్ 60 మి.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. రెండు కాండైళ్ల (కీలులోని గుండ్లు) దగ్గరా 0.1 మి.మీ. నిలువు లూజు ఉంటే, పిన్ తన కిందున్న చిన్న బల్లకు ఆనుకునే ఉన్నా మోలార్ దగ్గర 40 మైక్రాన్ల తేడా వస్తుంది. పళ్లు తగులుతున్నాయో లేదో చూసే షిమ్‌స్టాక్ రేకు మందం 8 మైక్రాన్లే!

ముందు మౌంటింగ్ ప్లేట్లు (మోడళ్లను ఆర్టిక్యులేటర్‌కు పట్టి ఉంచేవి) ఊడదీసి, అవి కూర్చునే చోటును పొడి బ్రష్‌తో తుడవండి. కత్తితో గీకితే ఆ గీతే కొత్త తప్పవుతుంది. అయస్కాంతపు ప్లేట్లయితే ఇనుప రజను అంటుకుని ఉంటుంది, అది మరీ చూసుకోవాలి. తర్వాత సెంట్రిక్ లాక్ (తెరిచి మూయడం తప్ప మరో కదలిక లేకుండా ఆపేది) బిగించి, కింది భాగాన్ని పనిబల్లకు అదిమిపట్టి, పై భాగాన్ని పక్కలకూ ముందువెనకలకూ కదపండి. "టక్" మని చేతికి తెలిసిందంటే లూజు ఉన్నట్టే.

చేతికి తెలియని లూజుకే స్ప్లిట్ కాస్ట్, అంటే ఒకదానిలో ఒకటి కూర్చునే రెండు సగాల దిమ్మె. పిన్ సున్నా మీద పెట్టి, కింది ప్లేటు మీద డెంటల్ స్టోన్‌తో (మోడళ్లు పోసే గట్టి జిప్సం) దిమ్మె పోయండి. పైతలం చదును చేసి మూడు V ఆకారపు గాడులు కోయండి. గట్టిపడ్డాక సెపరేటర్ (రెండు సగాలు అతుక్కోకుండా పూసేది) పల్చగా రాసి, పై ప్లేటుకు అంటేలా రెండో సగం పోసి మూయండి. స్టోన్ గట్టిపడేటప్పుడు వ్యాకోచించి పిన్‌ను లేపుతుంది కాబట్టి పైన బరువు ఉంచాలి. అయినా పిన్ లేచిందంటే ఆ దిమ్మె పనికిరాదు, మళ్లీ పోయాల్సిందే. మర్నాడు విడదీసి, నాలుగు మూలలా షిమ్‌స్టాక్ పెట్టి పదిసార్లు తెరిచి మూసి, ప్రతిసారీ రేకు లాగి చూడండి.

ఒకసారి పట్టి ఇంకోసారి జారితే కీళ్లలో లూజు. ఎప్పుడూ ఒకే మూల జారుతుంటే ప్లేటు తీసి మళ్లీ పెట్టండి. అప్పుడు పట్టిందంటే లోపం కూర్చోబెట్టడంలోనే. పిన్ మొన, అది ఆనే యాక్రిలిక్ బల్ల, ప్లేట్లు అరిగితే మార్చుకోవచ్చు. కాండైల్ గుండు మీద చదును మచ్చ, దాని దారిలో గాడి పడితే మాత్రం తయారీదారు సర్వీసుకే పంపాలి. టేపు ముక్కలతో సర్దడం వల్ల తప్పు పోదు, చోటు మారుతుందంతే.

నూనె విషయంలో చెయ్యి బిగించండి. స్టోన్ పొడి కలిస్తే అది సానపట్టే ముద్ద అవుతుంది.

క్లినిక్‌లో మౌంట్ చేసిన కాస్ట్‌లు (మోడళ్లు) ల్యాబ్‌లో మరో ఆర్టిక్యులేటర్‌కు ఎక్కుతుంటే, ఈ దిమ్మెనే అక్కడికీ పంపండి. అక్కడ నాలుగు మూలలా రేకు పట్టకపోతే ఆ రెండూ జత కావు. కాస్ట్‌లతోపాటు ఆర్టిక్యులేటర్‌నే పంపాలి.