ఆశ్వయుజం వచ్చినా చిక్కుడు, చామంతి మొగ్గ తొడగకపోతే: సమస్య - పరిష్కారం

వానలు తగ్గుముఖం పట్టి, తెల్లవారుజామున చల్లగాలి మొదలయ్యే భాద్రపద, ఆశ్వయుజ మాసాల్లో మిద్దెతోటలో ఒక గంట గడపడం ఎంత సంతోషమో, ఆషాఢంలో విత్తిన చిక్కుడు పాదు పందిరంతా అల్లుకొని కూడా ఒక్క పూగుత్తి చూపకపోవడం అంత బాధ. నన్ను ఈ రోజుల్లో అన్నిటికంటె ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడిగినవారిలో దాదాపు అందరూ అప్పటికే రెండు మూడు మందులు చల్లి ఉంటారు. చూడవలసిన ఒక్క విషయాన్ని మాత్రం చూసి ఉండరు.

లక్షణం

తీగ బలంగా ఉంటుంది, ఆకులు నిగనిగలాడుతుంటాయి, కొత్త చివుళ్లు వస్తూనే ఉంటాయి, పురుగు గాని తెగులు గాని ఉండదు. కాని మొగ్గ అన్నది కనిపించదు. చామంతి కుండీలోనూ ఇదే తీరు: మొక్క గుబురుగా పెరుగుతుంది, కొమ్మ కొనల్లో ఆకులే తప్ప మొగ్గలు ఉండవు. మొగ్గలు వచ్చి రాలిపోవడం వేరే సమస్య. దానికి సాధారణంగా పేనుబంకో, పూత మీద పడిన గట్టి వానో, ఒకరోజు కుండీ ఎండి మరుసటి రోజు నీళ్లు నిలవడమో కారణమవుతుంది. పేనుబంక ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే సరిపోతుంది. ఇక్కడ చెప్పబోయేది అసలు మొగ్గే కట్టని మొక్క గురించి.

ముందు తేదీ, రకం చూడండి

మన పెద్దలు పందిరికి పాకించే నాటు చిక్కుడు పగలు కురచబడి రాత్రి పొడవెక్కితే గాని పూయదు. హైదరాబాదులో జూన్ నెలాఖరున పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. సెప్టెంబరు 23 నాటికి అది 12 గంటల చిల్లరకు దిగుతుంది. డిసెంబరు నెలాఖరుకు 11 గంటల 5 నిమిషాలే మిగులుతుంది. మనం పట్టించుకోని ఈ రెండు గంటల తేడాయే ఆ తీగకు పంచాంగం. కాబట్టి సెప్టెంబరులో పూత లేదని కంగారు పడడం అనవసరం. అక్టోబరు నడిమి వరకు ఓపిక పట్టాలి. పగటి పొడవుతో నిమిత్తం లేకుండా కాసే పొద చిక్కుడు రకాలు వేరే ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ అటువంటివి. అవి వేసినవారికి మాత్రం ఈ ఓపిక సలహా వర్తించదు.

చామంతి విషయంలో ఇంకొక మాట అడగాలి: చివరిసారి తలలు ఎప్పుడు తుంచారు? గుబురు కోసం కొనలు తుంచే పనిని ఆగస్టు నెలాఖరుతో ఆపివేయాలి. సెప్టెంబరు చివరలో కూడా తుంచినవారు తమ చేతులతోనే పూతను వెనక్కు నెట్టుకున్నారు. అటువంటి మొక్కకు మందు అక్కర్లేదు, కొంతకాలం వదిలివేస్తే చాలు.

ఎరువు, ఎండ

ఈ రెండింటి గురించి చాలామందికి తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. పశువుల ఎరువు, వేరుశనగ చెక్క, యూరియా అతిగా పడిన తీగ ఆకులు ముదురాకుపచ్చగా, బాగా వెడల్పుగా ఉంటాయి, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. నత్రజని ఇచ్చేవన్నీ నెల రోజులు ఆపి, కుండీకి ఒక పిడికెడు కట్టెల బూడిద వేసి మట్టిలో కలపండి. ఎండ రోజుకు ఆరు గంటలకు తగ్గితే కుండీని జరపండి. తేదీ వచ్చింది, ఎరువు హద్దులో ఉంది, ఎండ తగులుతోంది, అయినా మొగ్గ లేదంటే ఇంకొక ఎరువు కొనే ముందు కింది భాగం చదవండి.

రాత్రి తొమ్మిదింటికి మేడ ఎక్కండి

మనమందరం మొక్కలను పగలే చూస్తాం. ఉదయం నీళ్లు పోస్తాం, సాయంత్రం ఎండుటాకులు ఏరుతాం, చీకటి పడగానే కిందికి దిగిపోతాం. ఆ తరువాత తోటలో ఏం జరుగుతోందో ఎవరూ చూడరు. నేను కూడా చూడలేదు. అందుకు ఒక ఏడాది పంట పోగొట్టుకున్నాను.

మా ఇంటి పడమటి పిట్టగోడ వెంబడి ఏటా చిక్కుడు పందిరి వేస్తాం. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఆనవాయితీ ఉన్న ఇల్లు కనుక, ఆ పాదు మాకు కూరకు మించినది. ఒక ఏడాది దీపావళి దాటినా పూత రాలేదు. ఎరువు ఆపాను, బూడిద వేశాను, ఆకులు కొన్ని దూసివేశాను, విత్తనం మంచిది కాదనుకొని రెండు పాదుల్లో ఒకదాన్ని పీకివేశాను కూడా. కార్తికం నడిమికి వచ్చాక ఒక వింత కనిపించింది. మిగిలిన పాదు తీగ ఒకటి నీళ్ల ట్యాంకు వెనకకు పాకింది. ఆ మూడు నాలుగు అడుగుల మేర మాత్రం గుత్తులు గుత్తులుగా ఊదారంగు పూలున్నాయి. ట్యాంకు దాటి బయటికి వచ్చిన భాగమంతా ఆకే. వేరు ఒకటే, మట్టి ఒకటే, పోసిన నీరు ఒకటే. ఒకే తీగ ఒకచోట పూసి మరొకచోట పూయలేదంటే తప్పు మట్టిలో లేదన్నమాట. అయినా ఏమిటో తోచలేదు. ట్యాంకు పొంగుతోందని ఒక రాత్రి పైకి వెళ్లినప్పుడు తెలిసింది: ఆ వేసవిలో మా వీధి స్తంభానికి కొత్తగా బిగించిన ఎల్‌ఈడీ దీపం వెలుగు నేరుగా పందిరి మీద పడుతోంది, ట్యాంకు నీడ తీగ మీద ఎంతవరకు ఉందో పూత సరిగ్గా అంతవరకే ఉంది.

ఇది నా ఊహ కాదు, వందేళ్లుగా తెలిసిన సంగతి. పూత మీద పగటి పొడవు ప్రభావాన్ని అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా చిక్కుడు మొక్కల మీద నిరూపించారు. మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. 1938లో హామ్నర్, బోనర్ అనేవారు మన పొలం గట్ల మీద కూడా మొలిచే మరులమాతంగి మొక్కతో చేసిన ప్రయోగాల్లో, పొడవైన రాత్రి నడుమ కొద్ది నిమిషాల వెలుగు పడినా పూత ఆగిపోయింది. పాలీహౌస్‌లలో చామంతి పండించే రైతులు అర్ధరాత్రి దీపాలు వెలిగించి పూతను కావాలనే ఆపుతారు, తమకు కావలసిన తేదీకి దీపాలు తీసివేస్తారు. వారు డబ్బు ఖర్చుపెట్టి చేసే పనిని మన వీధిదీపం ఉచితంగా చేస్తోంది.

చీకటిని కనిపెట్టేది ఆకు; పూతకు సంకేతం అక్కడినుంచే కొనకు అందుతుంది. అందుకే కొమ్మ కొన నీడలో ఉన్నా, దాని ఆకులు వెలుగులో ఉంటే ప్రయోజనం లేదు.

పరీక్ష ఇలా చేయండి. పున్నమికి దూరంగా ఉన్న రాత్రి, ఇంటి దీపాలన్నీ ఆర్పి, తొమ్మిది గంటల తరువాత మొక్క పక్కన నిలబడి ఆకుల ఎత్తులో వార్తాపత్రిక పట్టుకోండి. అక్షరాలు చదవగలిగితే, లేదా ఆకుల నీడ గోడ మీద స్పష్టంగా పడుతుంటే, ఆ వెలుగును అనుమానించవలసిందే. వీధిదీపం ఒక్కటే కాదు, పక్కింటి వారు రాత్రంతా వేసి ఉంచే బల్బు, ఎదుటి దుకాణం బోర్డు, మెట్లగది దీపం కూడా చూడండి. పక్కనే ఉన్న టమాటా, వంగ బాగా పూస్తున్నాయి కదా అని మోసపోకండి. అవి రాత్రి పొడవును పట్టించుకోవు, మందార, గులాబీ కూడా అంతే. బంతి కొంత ఆలస్యం చేస్తుందే తప్ప పూయడం మానదు. ఒకే వెలుగులో టమాటా పూసి చిక్కుడు, చామంతి రెండూ మొండికేస్తే అనుమానం మరింత బలపడుతుంది.

పరిష్కారం

చామంతి కుండీలో ఉంటుంది కనుక దాన్ని మెట్లగది గోడ వెనకకో, పిట్టగోడ నీడలోకో జరపడమే ఉత్తమం. పగలు ఎండ తగిలి, రాత్రి వెలుగు తగలని చోటు దాదాపు ప్రతి మేడ మీదా ఒకటి ఉంటుంది. అటువంటి చోటు లేకపోతే సాయంత్రం ఆరింటికి మందమైన నల్లగుడ్డో, గోనెసంచి రెండు మడతలో కర్రల ఆధారంతో కప్పి, ఉదయం ఏడింటికి తీసివేయాలి. మొక్కకు గుడ్డ ఆనకూడదు, గాలి ఆడాలి. ఈ పని నాలుగు రోజులు చేసి ఐదో రోజు మానితే ఫలితం ఉండదు; మొగ్గలు కట్టి రంగు చూపేవరకు ప్రతి రాత్రీ చేయాలి.

పందిరిని జరపలేం. దానికి దీపం వైపున, దీపం ఎత్తును బట్టి, ఒక తెర కట్టండి: పాత టార్పాలిన్, ఫ్లెక్సీ గుడ్డ, తడక, ఏదైనా సరే, వెలుగు దూరకూడదు. చాలామంది ఇక్కడ ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి ఊరుకుంటారు. సగం వెలుగును ఆపే వల మిగతా సగాన్ని వదులుతుంది, ఆ సగం కూడా చిక్కుడు ఆకుకు ఎక్కువే కావచ్చు. కట్టిన రాత్రే మళ్లీ పైకి వెళ్లి పత్రిక పరీక్ష చేయండి, ఇది తప్పనిసరి. తెర పగటి ఎండకు అడ్డుపడేటట్లయితే తాడుకు కట్టి పైకి చుట్టే ఏర్పాటు చేసుకోవాలి. దీపానికి ఇంటివైపు చిన్న రేకు మూత పెట్టమని పురపాలక కార్యాలయంలో అర్జీ ఇవ్వడం కూడా మంచి మార్గమే. వీధికి వెలుగు తగ్గదు, మన మేడకు చీకటి దక్కుతుంది. స్తంభం ఎక్కి మీరే దీపాన్ని తిప్పే ప్రయత్నం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

నేను ఆ మరుసటి ఏడాది ఇంకొక మార్పు చేశాను. దీపం వెలుగు పడే చోట గోంగూర పెట్టాను. గోంగూర కూడా పొడవైన రాత్రులకే పూసే మొక్క. పూతకు వస్తే ఆకు తగ్గి ముదురుతుంది. చిక్కుడుకు చేటు చేసిన వెలుగే గోంగూరను ఎక్కువ కాలం ఆకుమీద నిలబెట్టింది.

తులసికోట దగ్గర పెట్టే దీపం గురించి కొందరు భయపడుతూ అడుగుతారు. చిన్న నూనె దీపం వెలుగు నాలుగడుగులకే సన్నగిల్లుతుంది. చామంతి కుండీని కోటకు ఆనించి పెట్టకపోతే చాలు. దీపావళి నాలుగు రోజుల అలంకార దీపాలతో పెద్ద నష్టం లేదు, కాని వాటిని కార్తికమంతా పందిరికే చుట్టి ఉంచవద్దు. వెన్నెల వల్ల ఏ నష్టమూ లేదు.

మిగిలినవి

బోరాన్ లోపం, వైరస్ తెగులు అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. వైరస్ సోకిన ఆకు ముడుచుకొని పసుపు మచ్చలతో తానే చెబుతుంది. బోరాన్ లోపం ఉంటే ముందు కొనలు చెడతాయి. ఆకు శుభ్రంగా, కొన బలంగా ఉన్న మొక్కకు ఇవి రెండూ కాదు. హార్మోను మందులు పైన చెప్పినవన్నీ సరిచూసుకోకముందు కొనవద్దు.

చీకటి ఏర్పాటు చేసిన మూడు నాలుగు వారాలకు చామంతి కొనల్లో బఠాణీ గింజ కంటె చిన్న మొగ్గలు కనిపించాలి. పూలు విచ్చుకోవడానికి రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. చిక్కుడు తీగలో దీపానికి దూరంగా ఉన్న వైపే ముందు గుత్తులు వస్తాయి, అక్కడినుంచి చూడడం మొదలుపెట్టండి. అక్టోబరు మొదట్లో తెర కట్టినవారి పందిట్లో సంక్రాంతికి ముందే పిందెలు పడతాయి. కార్తికంలో మేలుకున్నవారు కూడా నిరాశ పడవలసిన పని లేదు, రాత్రులు డిసెంబరు మూడో వారం వరకు పెరుగుతూనే ఉంటాయి.