పఫర్ చేపల కోసం ఇంట్లోనే నత్తల పెంపకం

పీ పఫర్ తెచ్చుకున్నోళ్ళకి మొదటి వారంలోనే తెలిసిపోద్ది, ఇది పెల్లెట్ ఫుడ్ (గుళికల తిండి) వంక కన్నెత్తి కూడా చూడదు. మన కేరళ వైపు నదుల్లో పుట్టిన అంగుళం చేప, దానికి కావాల్సింది కదిలే తిండి, అందులోనూ నత్తలంటే ప్రాణం. వైజాగ్‌లో మా సీతమ్మధార ఇంట్లో బాల్కనీలో ఒక 20 లీటర్ల టబ్బు పెట్టి ఆ నత్తల్ని పెంచుతున్నా, మా అమ్మ మాత్రం కూరకేమో అనుకుని ఎప్పుడవుతాయని అడుగుతా ఉంటది.

నత్తలకి డబ్బులు పెట్టక్కర్లేదు. అక్వేరియం షాపులో మొక్కలు కొంటే వాటితో ఫ్రీగా వచ్చేస్తాయి, లేదా షాపాయన్ని అడిగితే నవ్వుకుంటూ ఇస్తాడు. చక్రంలా చుట్టుకుని ఉండే రామ్స్‌హార్న్ తీసుకోండి. పొడుగ్గా, కోన్‌లా ఉండే ట్రంపెట్ నత్తలు వద్దు, వాటి గుల్ల మరీ గట్టి. గెడ్డల్లో, చెరువుల్లో పట్టినవి అసలే వద్దు, వాటితో పురుగులొస్తాయి, కొన్ని మనకీ దురద పెట్టిస్తాయి.

రామ్స్‌హార్న్‌లో ఆడ మగ వేరేగా ఉండవు, ప్రతిదీ గుడ్లు పెడుతుంది, కాబట్టి ఏడెనిమిది వేస్తే చాలు. టబ్బు గోడకి జెల్లీలాంటి మచ్చలు కనబడితే అవే గుడ్లు, గీకకండి, మన వేడికి వారం పది రోజుల్లో పిల్లలైపోతాయి.

అసలు విషయం కాల్షియం. ఇది లేకపోతే గుల్ల తెల్లబడి చిల్లులు పడుతుంది, అలాంటి నత్త చేపకీ ఉపయోగం లేదు. అందుకే ఆర్వో నీళ్ళు పోయకండి, కుళాయి నీళ్ళు పట్టి, డీక్లోరినేటర్ (క్లోరిన్ పోగొట్టే మందు) వేసి పోయండి. లవ్‌బర్డ్స్ పంజరాల్లో పెట్టే కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలుండే తెల్లటి పెంకు) ముక్క ఒకటి పడేయండి. ఆర్కే బీచ్‌లో దొరికిందే వాడతానంటే రెండు మూడు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి ఉప్పు పోగొట్టాలి. అదీ లేదంటే ఉడకబెట్టి కడిగిన గుడ్డు పెంకులు.

తిండికి ఆనపకాయ ముక్క, పాలకూర, వేడినీళ్ళలో ఒక నిమిషం వేసి తీసి పెట్టండి, తినగా మిగిలింది మర్నాడు తీసేయాలి, లేకపోతే టబ్బు కంపు కొడుతుంది, నత్తలు నీళ్ళు వదిలి గోడ పైకి ఎక్కేస్తుంటే నీళ్ళు పాడయ్యాయని అర్థం. వారానికోసారి మూడో వంతు మార్చండి. ఎండ తగలని చోట పెట్టండి, మేలో బాల్కనీ నీళ్ళు ఉడికిపోతాయి. పైన నెట్ కట్టడం మర్చిపోవద్దు, దోమలు గుడ్లు పెట్టేస్తాయి, ఆ లార్వా కనిపిస్తే మాత్రం తీసి పఫర్‌కే వేసేయండి, పండగ చేసుకుంటుంది.

నేను చేసిన వెధవ పని ఒకటుంది. చేపలకి మందు వేసిన ట్యాంకు నీళ్ళే వేస్ట్ చేయడమెందుకని ఈ టబ్బులో పోసా, ఆ మందులో కాపర్ ఉందని చూడలేదు, రెండు రోజుల్లో ఒక్కటి మిగల్లేదు. నత్తలకి కాపర్ విషం. అప్పట్నుంచీ లేబుల్ చదవకుండా ఏదీ ముట్టను, రెండో టబ్బు కూడా పెట్టుకున్నా.

రెండు నెలలు ఆగాకే తీయడం మొదలెట్టండి. రాత్రి ఆనపకాయ ముక్క వేసి పొద్దున్నే లేపితే దానికే గుత్తులుగా అంటుకుని వస్తాయి. పఫర్ కన్నంత సైజు ఉన్నవి నాలుగైదు ఏరి ట్యాంకులో వేయండి, పెద్దవి తిరిగి టబ్బులోకి.