బర్టిన్‌స్కీ ఫొటో చూసేటప్పుడు ముందు లారీని వెతకండి

గనులు, క్వారీలు, వ్యర్థాల గుట్టలను భారీ రంగుల ఫొటోలుగా తీసే కెనడా ఛాయాచిత్రకారుడు ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ. ఆయన చిత్రం ఎదురైతే, అందానికి మురిసిపోయే ముందు అందులో కొలతకు పనికొచ్చేది ఏదైనా ఉందేమో వెతకండి. నిచ్చెన, లారీ, మనిషి, ఏదైనా సరే. ఇటలీలోని కరారా పాలరాతి క్వారీల్లో మెట్లలా కనిపించేవి నిజానికి చాలా ఎత్తైన రాతి గోడలు. అడుగున ఉన్న యంత్రాన్ని గుర్తించాకే ఆ సంగతి తెలుస్తుంది.

గ్యాలరీలో ఈ ప్రింట్లు మీటరుకు మించిన వెడల్పుతో ఉంటాయి. ఫోనులో చూస్తున్నారా? పెద్దది చేసి, అంచుల నుంచి మొదలుపెట్టండి. లేకపోతే కళ్లు మధ్యలోని రంగు దగ్గరే ఆగిపోతాయి.

తర్వాత శీర్షిక తప్పక చదవండి. 1996లో ఒంటారియోలోని సడ్‌బరీ వద్ద తీసిన చిత్రంలో నల్లటి నేల మీద ఎర్రగా మండుతున్నట్టు ఒక వాగు పారుతుంది. ఎవరైనా లావా అనే అనుకుంటారు. అది నికెల్ తీయగా మిగిలిన వ్యర్థాల నుంచి వచ్చిన నీరు. అందులోని ఇనుము గాలి తగిలి తుప్పుపట్టడం వల్లే ఆ రంగు! ఈ ఒక్క వివరం తెలిశాక ఆ ఫొటోను మునుపటిలా చూడలేం.

మీరే క్వారీ ఫొటో తీస్తుంటే, మబ్బు పట్టిన పూట ఎంచుకోండి, నీడలు అడ్డురావు. ఒక లారీని చిత్రంలో ఉంచండి. రంగులను మాత్రం కంప్యూటర్‌లో పెంచకండి. తుప్పు రంగును ఉన్నది ఉన్నట్టు చూపితేనే అది సాక్ష్యం అవుతుంది.