క్రూడాయిల్ ఏ రాయిల పుట్టిందో ఎట్ల పట్టుకోవాలె?

మన నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు బోరు ఎంత లోతు దించినా క్రూడ్ పడదు, ఎందుకంటే కింద ఎక్కువగ ఉన్నది సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైట్, నూనె కావాలంటేనేమో పాచి, ఆకు అలము బురదల కూరుకపోయి రాయై, లోతుల వేడికి మగ్గాలె. అందుకే కృష్ణా–గోదావరి బేసిన్ (బురద పొరలు పొరలుగ పేరుకున్న పెద్ద పల్లం) సంగతి తీసుకుందాం. అక్కడ రాఘవాపురం షేల్ (బురద గట్టిపడ్డ రాయి) ఉన్నది, దానికన్నా చాలా పాతది, బొగ్గు కలిసిన కొమ్ముగూడెం పొర కూడ ఉన్నది. బావిల పడ్డ నూనె ఏ పొరది?

ఫస్ట్ శాంపిల్. నూనె గాజు సీసాలనే పట్టాలె, ప్లాస్టిక్ వద్దు, దాంట్లకెళ్లి దిగిన కెమికల్స్ కూడ ఆఖరుకు మిషన్ ఇచ్చే చార్ట్ మీద లేస్తయి. రాతి ముక్కలకు డ్రిల్లింగ్ మడ్ (బోరు వేసేటప్పుడు పోసే బురద) అంటుకొని ఉంటది, అందుల డీజిల్ గిట్ల కలిపిండ్రంటే మీరు పట్టుకునేది ఆ డీజిల్ అడ్రసే.

తర్వాత రాతిపొడిని రాక్-ఎవాల్ అనే మిషన్ల వేడిచేసి నూనెనిచ్చే సరుకు అసలుందా లేదా చూడాలె. టీమాక్స్ (ఆ వేడిల రాయికెళ్లి నూనె సరుకు అన్నిటికన్నా ఎక్కువ వెలువడే టెంపరేచర్) 435 డిగ్రీల లోపుంటే ఆ రాయి ఇంకా పచ్చిదే, నూనె అయ్యేంత మగ్గలేదు అనుకోవచ్చు.

సరుకున్న రాయిని డైక్లోరోమీథేన్ అనే ద్రావకంతోని సాక్స్‌లెట్‌ల (ద్రావకాన్ని మళ్ల మళ్ల పోసి కరిగేదాన్ని గుంజే గాజు సామాను) పెట్టి బిట్యుమెన్ (రాయిలున్న నూనె లాంటి సరుకు) గుంజి, దాన్ని, క్రూడ్‌ను రెంటినీ సిలికా జెల్ కాలమ్‌ల విడగొట్టి జీసీ-ఎంఎస్‌కు (కెమికల్స్‌ను విడదీసి బరువును బట్టి గుర్తుపట్టే మిషన్) ఇచ్చి, రెంటి చార్ట్‌లు పోల్చాలె. అసలు మజా ఇక్కడ్నే. 191 బరువున్న అయాన్ (కెమికల్ పగిలిన తునక) దగ్గర హోపేన్లనే కెమికల్స్ కనబడతయి, ఇవి బ్యాక్టీరియావి, 217 దగ్గర స్టెరేన్లు, ఇవి పాచివి, చెట్లవి. 191 చార్ట్‌ల ఒలియనేన్ అనే కెమికల్ కూడ చూడండి, అది పూల మొక్కలకెళ్లి వస్తది, బాగ గట్టిగ కనబడితే ఆ నూనె పెర్మియన్ కాలపు కొమ్ముగూడెంది ఒక్కదానిదే అనుడు కష్టం, అప్పటికి పూల మొక్కలే లేవాయె. ఉల్టా మాత్రం చెల్లది, ఒలియనేన్ లేనంత మాత్రాన పాత రాయి అని రాయొద్దు, ఆ చోటికి పూల మొక్కల చెత్త చేరకపోయి ఉండొచ్చు. పైకొచ్చే తోవల కొత్త పొరల్లకెళ్లి కూడ అంటుకోవచ్చు.

బ్యాక్టీరియా తిన్న నూనె అయితే నార్మల్ ఆల్కేన్లు (కొమ్మల్లేని గొలుసు హైడ్రోకార్బన్లు) ముందుగాల మాయమైతయి, ప్రిస్టేన్–ఫైటేన్ (నూనెలనే ఉండే రెండు కొమ్మల గొలుసులు) లెక్కను కూడ నమ్మలేం, హోపేన్లు, స్టెరేన్లే ఎక్కువ కాలం నిలుస్తయి.

కార్బన్ ఐసోటోపుల (బరువుల తేడా ఉన్న కార్బన్ పరమాణువులు) లెక్కను కూడ నూనెకు, రాయికి పోల్చాలె. నన్నడిగితే పోలికలు కలిసినయని మురిసేకన్నా కలవని రాయిని తీసేసుడే పక్కా పని, ఎందుకంటే ఒకే తీరు రాళ్లు రెండు మూడుండొచ్చు, రెండు నూనెలు కలిసి కూడ ఉండొచ్చు. మిగిలిన రాయి మీ బావి కాడ పచ్చిగ ఉన్నా కొట్టేయొద్దు, అదే పొర బేసిన్ నడుమ ఇంకా లోతుల మగ్గిందేమో, అక్కడికెళ్లి ఇటు నూనె పారే తోవ ఉన్నదేమో మ్యాప్‌ల చూడాలె.