చైనా బోర్డులు చదువుదాం – 4వ పాఠం: మూడు చుక్కలు

చైనా అక్షరాల్లో అర్థం చెప్పే గుర్తుల్లో రెండో పాఠంలో తలుపు గుర్తు, మూడో పాఠంలో ఇంటికప్పు గుర్తు చూశాం కదా, అవి ఇంకా పట్టుబడకపోతే ఒకసారి వెనక్కి వెళ్లి రండి, ఇవాళ రెండూ పనికొస్తాయి. ఈసారి మన క్లాసు షీఆన్ నగరానికి తూర్పున దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, లీషాన్ కొండ అడుగున ఉన్న హ్వాఛింగ్ ప్యాలెస్‌లో. వేడినీటి ఊటల చుట్టూ కట్టుకున్న రాజుల విడిది అది. నీటి గుర్తు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తట్టలేదు.

మెట్రో 9వ లైన్‌లో హ్వాఛింగ్‌ఛి స్టేషన్‌లో దిగారనుకోండి. బోర్డు మీద మూడు అక్షరాలుంటాయి. రెండోదానికీ మూడోదానికీ ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి మూడు చుక్కలు కనిపిస్తాయి: పై రెండూ చినుకు జారినట్టు కిందికి, మూడోది మాత్రం కింది నుంచి పైకి విసిరినట్టు. అదే నీళ్ల గుర్తు. మన ఒత్తు అక్షరం కింద చేరినట్టు ఇది ఎడమ పక్కన చేరుతుంది, కాకపోతే ఒత్తును పలుకుతాం, దీన్ని పలకం. ఇది అర్థం వైపు వేలు చూపిస్తుంది, అంతే. పలుకు సంగతి చాలాసార్లు కుడివైపు భాగం చూసుకుంటుంది. రెండో అక్షరం ఛింగ్, అంటే తేటగా ఉన్న నీరు. అదే కుడి భాగానికి ఎడమన చుక్కలు తీసేసి మాట గుర్తు పెడితే అదీ ఛింగే, అర్థం మాత్రం ‘దయచేసి’. లోపల ‘దయచేసి ముట్టుకోవద్దు’ బోర్డుల మీద అది మొదటి అక్షరంగా ఎదురవుతుంది, కాస్త వెతకండి. మూడో అక్షరం ఛి, అంటే కొలను. మనం ఛీ కొట్టే ఛీ కాదు.

ఇప్పుడు ప్యాలెస్ గేటు దగ్గరికి రండి. ఇక్కడ పేరు హ్వాఛింగ్ గుంగ్. చుక్కలున్న మూడో అక్షరం పోయి, నెత్తిన కప్పున్న అక్షరం వచ్చింది చూశారా? కొలను స్థానంలో రాజభవనం. ఆ ఒక్క అక్షరంతో మూడో పాఠం రివిజన్ అయిపోయింది. పాత తరహా పలకల మీద మాత్రం కుడి నుంచి ఎడమకు చదవాలి, మొదటిసారి నేను తిరగేసి చదివి కాసేపు తల గోక్కున్నాను.

లోపల అసలు సరుకు స్నానపు తొట్ల మ్యూజియం. 1980ల్లో తవ్వకాల్లో బయటపడిన రాతి తొట్లు ఇవి, ఇప్పుడు ఎండిపోయి ఉంటాయి. ప్రతి తొట్టి పేరు చివరా ఒకే అక్షరం, ఎడమన మూడు చుక్కలతో: థాంగ్. నా ఫోన్ యాప్ దాన్ని ‘సూప్’ అని అనువదించింది! తామరపూల సూపు, నక్షత్రాల సూపు... తప్పు యాప్‌ది కాదు, ఈరోజుల్లో ఆ మాటకు అర్థం అదే. పాత చైనీస్‌లో మాత్రం వేడినీళ్లు. 644లో థైజుంగ్ చక్రవర్తి ఇక్కడ భవనం కట్టించినప్పుడు దాని పేరులో మొదటి అక్షరం ఇదే. (మరుసటి ఏడాదే హ్యూయెన్‌త్సాంగ్ మన ధాన్యకటకం కూడా చూసి ఈ షీఆన్‌కే తిరిగి చేరాడు. మన పాఠానికి సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.) హ్వాఛింగ్ అన్న పేరు 747లో షువాన్‌జుంగ్ చక్రవర్తి పెట్టాడు.

ఆయన తొట్టి తామర తొట్టి, పొడవు 10 మీటర్ల పైమాటే. ఆయన ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫేది పువ్వు ఆకారంలో చెక్కిన చిన్న తొట్టి, నాలుగు మీటర్లు కూడా ఉండదు. దాని పేరు పలికి చూడండి: హై థాంగ్ థాంగ్. మొదటి అక్షరానికీ మూడోదానికీ చుక్కలున్నాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. హై అంటే సముద్రం, చుక్కలు సరే, కానీ హైథాంగ్ కలిపి ఒక పూలచెట్టు పేరు. అక్షరంలో నీళ్లున్నా మాటలో లేవు. ఈ చక్రవర్తుల వంశం పేరు కూడా థాంగే, అది మళ్లీ ఇంకో అక్షరం, దానికి చుక్కలే ఉండవు.

కొంచెం పైకి ఎక్కితే ఊ జియెన్ థింగ్, అంటే ఐదు గదుల మందిరం. 1936 డిసెంబర్ 12 తెల్లవారుజామున అప్పటి చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌ను సొంత సేనానులే పట్టుకోవడానికి వస్తే, ఆయన ఇక్కడినుంచే కొండమీదికి పారిపోయి దొరికిపోయాడు. అప్పటి తూటాల గుర్తులు చూపిస్తారు. జనం వాటి చుట్టూ మూగితే మూగనివ్వండి, మీరు బోర్డు మీద మధ్య అక్షరం చూడండి: తలుపు గుర్తు, లోపల సూర్యుడు. అంటే గది. రెండో పాఠం గుర్తొచ్చిందా?

ఆ గది అక్షరం బాగా కంఠస్థం చేయండి, అవసరం పడుతుంది. మూడు అక్షరాల బోర్డు, మొదటిదానికి ఎడమన మూడు చుక్కలు, చివర తలుపులో సూర్యుడు కనిపిస్తే అది ‘చేతులు కడుక్కునే గది’. టాయిలెట్ అన్నమాట.

హోమ్‌వర్క్: ‘వేడినీటి ఊట’ అన్న రెండక్షరాల బోర్డు ఇక్కడ అడుగడుగునా ఉంటుంది. మొదటి అక్షరంలో చుక్కలు తేలిగ్గానే దొరుకుతాయి. రెండోదానిలో నీళ్లు ఎడమన లేవు, ఇంకెక్కడో దాక్కున్నాయి, కనిపెట్టండి. అలాగే ఎక్కడైనా మూడుకు బదులు రెండే చుక్కలుంటే ఫోటో తీసి పెట్టుకోండి, అది మంచు గుర్తు, ఐదో పాఠంలో దాని పని పడదాం.