పాత బండి ఇంజిన్‌లో టకటక ఎలా పోయిందంటే

నెల్లూరులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మా పాత బండి ఇంజిన్ టకటకమనేది, అదీ టాప్ గేర్లో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితేనే. ఐడిల్‌లో సైలెంట్, కాబట్టి ట్యాపెట్ (వాల్వులను కదిలించే భాగం) శబ్దం కాదు. స్పార్క్ ప్లగ్ విప్పితే కొస తెల్లగా ఉంది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్యనున్న రబ్బరు గొట్టం (మానిఫోల్డ్) పగిలి గాలి లాగుతోంది! అది మార్చాక శబ్దం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

ఇంజిన్ పైమూత (హెడ్) దించితే పిస్టన్ నెత్తిన మందంగా కార్బన్. అసలే మన ఎండలు, పైగా ఆ కార్బన్ నిప్పులా కాగితే ప్లగ్ కంటే ముందే పెట్రోలు అంటుకోవచ్చు. కిరోసిన్‌తో నానబెట్టి చెక్కముక్కతో గీకాం, స్క్రూడ్రైవర్ మాత్రం వద్దేవద్దు, అల్యూమినియం మీద గీతలు పడతాయి. హెడ్ కింద లీకవకుండా వేసే పలచని పొర (గ్యాస్కెట్) కొత్తది వేసి నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాం. ఇప్పుడు ఇద్దరం కూర్చుని ఎక్కినా శబ్దం లేదు.